పుట్టుకతో వచ్చిన చెయ్యి, ముప్పై దాటాక వచ్చిన దిగులు

నాకు ఎడమ చేతికి బొటనవేలు లేదు. ముంజేతిలో ఉండాల్సిన రెండు ఎముకల్లో ఒకటి సగమే పెరిగింది, అందుకని ఆ చెయ్యి మణికట్టు దగ్గర లోపలికి తిరిగి ఉంటుంది. కుడి చేతికి బొటనవేలు ఉంది గానీ పేరుకే, దానికి పట్టు లేదు. వయసు 35. విశాఖపట్నం మద్దిలపాలెంలో ఒక జిరాక్స్ షాపులో డీటీపీ చేస్తాను. యూనివర్సిటీ వాళ్ళ థీసిస్‌లు, పెళ్ళి శుభలేఖలు, అఫిడవిట్లు, అప్పుడప్పుడు పెద్దకర్మ కార్డులు.

మా అమ్మకి పదహారో ఏట నుంచి ఫిట్స్. నేను కడుపులో పడ్డప్పుడు ఆవిడ వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడుతోంది. నా చేతులకి కారణం అదేనని నాకు 29 ఏళ్ళు వచ్చాక తెలిసింది.

నాలా పుట్టి, పెద్దయి, ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, అందరి చేతా ‘పర్వాలేదు, నెట్టుకొస్తోంది’ అనిపించుకుంటూ, లోపల మాత్రం కుంగిపోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, టైపిస్టుని. నేను పడ్డ తిప్పలు, నాకు పనికొచ్చిన ఉపాయాలు చెప్తాను.

దానికి ముందు ఒక్క మాట. ఇందులో మందు పేరు చూసి ఎవరూ ఫిట్స్ మాత్ర సొంతంగా మానెయ్యకండి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లల్ని కనాలనుకుంటున్నా, కడుపుతో ఉన్నట్టు తెలిసినా, ఆ రోజు మాత్ర వేసుకుని మరీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మార్చాలో వద్దో ఆయన చెప్తారు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో కింద రాశాను.

ముందు నొప్పి సంగతి చూడండి

మనసు గురించి అని చెప్పి నొప్పి దగ్గర మొదలుపెట్టిందేమిటి అనుకోవద్దు. నా దిగులు భుజంలో మొదలైంది.

అప్పుడు నాకు 31. థీసిస్‌ల సీజను. రోజుకి పదకొండు గంటలు కొట్టేదాన్ని. ఒకరోజు పొద్దున్న జడ వేసుకోబోతే కుడి చెయ్యి పైకి లేవలేదు. నొప్పి కంటే ముందు భయం వచ్చింది. ఉన్న మంచి చెయ్యి ఇదొక్కటే కదా, ఇదీ పోతే? ఆ ఒక్క ఆలోచనతో నెలల తరబడి నిద్ర లేదు. అన్నం సయించేది కాదు. కస్టమర్ వచ్చి అక్షరదోషం చూపిస్తే కళ్ళనీళ్ళు వచ్చేసేవి. ఇంట్లోవాళ్ళు ‘దీనికి ఈమధ్య చిరాకు ఎక్కువైంది’ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఎముకల డాక్టరు చెప్పింది సులువుగా అర్థమైంది. లోపం ఉన్న చేతి పని కూడా రెండో చెయ్యే చేస్తుంది కాబట్టి దాని కీళ్ళు, కండరాలు తొందరగా అరుగుతాయి. ఇది నా ఒక్కదాని కథ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. నిద్రకి, కడుపుతో ఉన్నవాళ్ళ వేవిళ్ళకి చాలా దేశాల్లో వాడారు. 1961 చివర్లో ఆపేసేలోగా పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్ళు సరిగా పెరగకుండా పుట్టారు. బతికినవాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి. చిన్నప్పుడు కాళ్ళతో రాసి, పళ్ళతో బొత్తాలు పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా బతకడం నేర్చుకున్న మనుషులు వాళ్ళు. నలభై యాభై ఏళ్ళకి వచ్చేసరికి ఆ వాడకానికే మెడ, నడుము, భుజాలు అరిగిపోయాయి. జర్మనీలో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో వాళ్ళలో దాదాపు సగం మందికి డిప్రెషన్ లాంటి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. మామూలు జనంతో పోలిస్తే అది రెండింతలు. నాకైతే అది చదివాక భయం తగ్గింది. నేను బలహీనురాలిని కాదు, నాకంటే ముందు ఇదే దారిలో నడిచినవాళ్ళు ఉన్నారు.

మీరు చేయాల్సింది: గోడ క్యాలెండరు ఒకటి తీసుకుని రెండు రంగుల పెన్నులు పెట్టుకోండి. నొప్పి ఎక్కువున్న రోజు ఎర్ర చుక్క, మనసు బాగోని రోజు నీలం చుక్క. ఇంకేమీ రాయక్కర్లేదు, రాయాలంటే మానేస్తాం. నేను మూడు నెలలు పెట్టాక చూసుకుంటే ఎర్ర చుక్కలు పడ్డ ఒకటి రెండు రోజులకి నీలం చుక్కలు ఉన్నాయి. ఆ క్యాలెండరే చుట్టి చంకలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పది నిమిషాలు మాట్లాడినా అంత బాగా చెప్పగలిగేదాన్ని కాదు. మీకు నొప్పి లేకుండా నీలం చుక్కలే వరసగా పడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకి తెలియాలి.

తర్వాత పని తీరు మార్చుకోండి. మా పనిలో ‘అను ఫాంట్స్’ అనే తెలుగు ఫాంట్లు వాడతాం, తెలుగు కొట్టాలంటే మాటమాటకీ షిఫ్ట్ పట్టుకోవాలి. నా చేతి వంపుకి షిఫ్ట్ నొక్కిపట్టి ఇంకో అక్షరం కొట్టడమే అసలు శిక్ష. విండోస్‌లో స్టికీ కీస్ అని ఉంది. షిఫ్ట్ అయిదుసార్లు టకటకా నొక్కితే అదే అడుగుతుంది, సరే అనండి. ఇక షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, పట్టుకోనక్కర్లేదు. పదేళ్ళు అదే కంప్యూటరు ముందు కూర్చుని ఈ సంగతి తెలుసుకోలేదు నేను! నలభై నిమిషాలకి ఒకసారి లేస్తాను. బ్యాగు ఒక భుజానికి కాకుండా అడ్డంగా వేసుకుంటాను. బ్లౌజు హుక్స్ తీయించి పక్కకి జిప్ వేయించాను. టైలరు ముందు వెల్‌క్రో వేసిచ్చాడు, పెళ్ళిలో వంగి అక్షింతలు వేస్తుంటే పర్రుమంది. జిప్పే మేలు.

నాకు ఏళ్ళ తరబడి ఒక పొగరుండేది. ఎవరి సాయమూ అక్కర్లేదని. ఇంట్లో బిందె నేనే ఎత్తాలి, గ్యాస్ బండ నేనే జరపాలి. చేతకాని పని కాదు అది. కానీ చేతనైన ప్రతి పనీ చేసి భుజం పాడుచేసుకోవడం తెలివి తక్కువ. ఇప్పుడు రోజుకి రెండు పనులు పక్కవాళ్ళకి అప్పగిస్తాను. మొదట్లో నోరు రాదు. అలవాటవుతుంది.

‘నాకే ఎందుకు’ అని అడగాలనిపించినప్పుడు

మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట. గ్రహణం పూట కడుపుతో ఉండి కత్తిపీట ముందు కూర్చుంది, వంకాయలు తరిగింది, ఇంకేటవుద్ది? మా వీధిలో ఆ గ్రహణం నాడు కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళూ వంట చేశారు, వాళ్ళ పిల్లలు శుభ్రంగా పుట్టారు. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు. అమ్మ మాత్రం ఈ రోజుకీ గ్రహణం అంటే పొయ్యి వెలిగించదు.

29 ఏళ్ళప్పుడు ఒక పెళ్ళి సంబంధం వాళ్ళు ‘పిల్లలకి కూడా వస్తుందా’ అని అడిగితే, వంశపారంపర్య జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా చేతులు చూసి, గుండె స్కాన్, రక్తపరీక్షలు రాసి, ‘మీ అమ్మగారు గర్భంతో ఉన్నప్పుడు ఏమైనా మందులు వాడారా’ అని అడిగింది. ఇలాంటి చేతులు కొన్నిసార్లు జన్యువుల వల్ల కూడా వస్తాయి, వాటితో పాటు గుండె జబ్బో రక్త సమస్యో ఉండొచ్చు. అందుకే ఆ పరీక్షలు. ‘మందు వల్లే’ అని మనకి మనమే తేల్చుకోకుండా ఒకసారి చూపించుకోండి. మందు వల్లే అయితే అది మన పిల్లలకి దిగదు. ఈ ఒక్క మాట తెలియక పెళ్ళి వద్దనుకున్నవాళ్ళున్నారు. (ఆ సంబంధం కుదరలేదు. కట్నం దగ్గర చెడింది, చేతి దగ్గర కాదు.)

అమ్మని అడిగే పద్ధతి మాత్రం నేను పాడుచేశాను. ఆ రాత్రే, షాపు నుంచి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా, ‘అప్పుడే ఆ మాత్రలు మానేసుంటే నాకిలా అయ్యేదా’ అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. పళ్ళెంలో బియ్యం ఏరుతోంది, ఏరుతూనే ఉంది. రెండు రోజుల తర్వాత బాత్‌రూమ్‌లో దబ్బుమని చప్పుడైంది. తలుపు తోసి చూస్తే ఫిట్స్, కణత మీద రక్తం. నేనన్న మాటకి రెండు రోజులుగా మాత్రలు వేసుకోలేదు ఆవిడ. అయిదు కుట్లు పడ్డాయి.

అందుకని నేను చేసినట్టు చెయ్యకండి. ఇలా అడగండి.

కోపంగా ఉన్న రోజు అడగొద్దు. ఇద్దరి చేతుల్లోనూ ఏదో పని ఉన్నప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో అడగండి. మొహాలు చూసుకోనక్కర్లేకుండా ఉంటే పెద్దవాళ్ళకి మాట తేలిగ్గా వస్తుంది. ‘ఎందుకు వేసుకున్నావు’ అనొద్దు. ‘అప్పుడు ఏ మందు ఉండేది? ఎన్నో నెలలో డాక్టరుకి చూపించుకున్నావు? చీటీలేమైనా ఉన్నాయా?’ అని అడగండి. ‘ఎందుకు’ అంటే తప్పు మోపినట్టే వినిపిస్తుంది.

ఆ తర్వాత మీకు తెలిసింది మీరు చెప్పండి. నేను రెండు సంగతులు చెప్పాను. బిడ్డకి చేతులు రూపుదిద్దుకునేది నెల తప్పిన కొత్తలోనే, కడుపు పడిన నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు. చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నట్టే తెలియదు. రెండోది, వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల పిల్లల్లో వెన్నుపూస లోపాలు కనిపిస్తున్నాయని ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి మొదటిసారి గట్టి హెచ్చరిక వచ్చింది 1982లో. పెద్ద డాక్టర్లకి కూడా ఆ ముప్పు ఎంతదో పూర్తిగా తెలియడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. ఆ మందు వాడిన తల్లుల పిల్లల్లో నూటికి పది మందికి ఏదో ఒక అవయవ లోపం వస్తుందని ఇప్పుడు చెప్తున్నారు. కంచరపాలెంలో అయిదో క్లాసు చదివిన మా అమ్మకి ఎవరు చెప్తారు?

అంతా విని, లోపలికి వెళ్ళి అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించింది. అందులో పసుపు పచ్చబడిన మందుల చీటీలు, ఒక ఖాళీ మాత్రల అట్ట. నాకు తెలియకుండా ఇన్నేళ్ళు దాచింది. ‘నాకు తెలుసుంటే ఆ మాత్ర ముట్టుకుందునా’ అంది. అంటే మందు మీద ఆవిడకి ముందే అనుమానం ఉందన్నమాట. గ్రహణం మాట పడుతూ, మందు మాట మింగుతూ బతికింది. అప్పుడు నేను ‘పోనీలే అమ్మా’ అనలేదు. ఆ మాటతో వాళ్ళ నోరు మూసేస్తాం. పక్కన కూర్చున్నాను, అంతే.

కోపం ఎక్కడ పెట్టుకోవాలన్నది కష్టమైన సంగతి. థాలిడోమైడ్ వాళ్ళకి కంపెనీ ఉంది, కోర్టు కేసులున్నాయి. ఆ మందు తయారుచేసిన గ్రూనెంతాల్ కంపెనీ క్షమాపణ చెప్పింది 2012లో, యాభై ఏళ్ళు గడిచాక. ఆస్ట్రేలియా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2023 నవంబరులో. అన్నేళ్ళ తర్వాత విని కూడా ఏడ్చినవాళ్ళున్నారు. మనకి అలా వచ్చి చెప్పేవాళ్ళెవరూ లేరు. అందుకని కోపం దగ్గర్లో ఉన్న మనిషి మీద పడుతుంది, ఆ మనిషి సాధారణంగా అమ్మే అవుతుంది. నేను ఒక పని చేస్తాను. కోపం వచ్చినప్పుడు షాపులో ఒక కొత్త ఫైలు తెరిచి ఎవరికి రాయాలనిపిస్తే వాళ్ళకి ఉత్తరం కొడతాను. ప్రింట్ తీయను. పేజీకి పది రూపాయలు ఊరికే వస్తాయా?

బద్ధకం కాకపోవచ్చు

ఇది చిన్న సంగతే గానీ కొందరికి అన్నిటికంటే ముఖ్యం. వాల్‌ప్రోయేట్ కేవలం చేతులు, వెన్నుపూసతో ఆగదు. కడుపులో ఆ మందు పడ్డ పిల్లల్లో నూటికి ముప్పై నలభై మందికి మాట ఆలస్యం, ఏకాగ్రత లేకపోవడం, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఆటిజం లాంటివి ఉంటాయి. పైకి ఏ లోపమూ కనిపించకపోయినా ఉండొచ్చు. బడిలో ‘మొద్దు’ అని, ఇంట్లో ‘పనిదొంగ’ అని ముప్పై ఏళ్ళు తిట్లు తిన్నవాళ్ళు ఆ తిట్టే తమ స్వభావం అనుకుంటారు. మీ అమ్మగారు ఆ మందు వాడి, మీకు ఒక పని మొదలుపెట్టి పూర్తి చెయ్యడం ఎప్పుడూ కష్టంగా ఉంటే, క్లినికల్ సైకాలజిస్టు చేత ఒకసారి పరీక్ష చేయించుకోండి. పెద్దయ్యాక కూడా చేస్తారు.

‘బొటనవేలు పెట్టమ్మా’

రేషన్ డిపో, సిమ్ కార్డు, బ్యాంకు, ఎక్కడికెళ్ళినా ఇదే మాట. మిషను ముందుకి తోసి, మొహం చూడకుండా అంటారు. నేను చెయ్యి చూపిస్తాను. వెనకాల క్యూ మొత్తం తొంగి చూస్తుంది. రోజూ జరిగే ఇలాంటి చిన్న చిన్న అవమానాలకి ఎవరూ లెక్క కట్టరు గానీ, ఏడాదికి కూడితే పెద్ద బరువే.

దీనికి మందు ఓదార్పు కాదు, కాగితం పని. ఆధార్ సేవా కేంద్రానికి వెళ్ళి లేని వేలిని మినహాయింపుగా నమోదు చేయించుకోండి, కనుపాప స్కాన్ సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఎక్కడైనా ‘ఐరిస్ పెట్టండి’ అని ముందే మీరే అనండి. చెయ్యి చాపాల్సిన పని తప్పుతుంది.

ప్రశ్నలకి కూడా అంతే, జవాబు ముందే తయారు పెట్టుకోండి. ‘యాక్సిడెంటా అమ్మా?’ అంటే నేను ‘పుట్టుకతోనే అండీ, మీరెక్కడ దిగుతారు?’ అంటాను. రెండో సగం చాలా ముఖ్యం, మాట అవతలికి వెళ్ళిపోతుంది. చిన్నపిల్లలు అడిగితే మాత్రం పూర్తిగా చెప్తాను, వేళ్ళు లెక్కపెట్టనిస్తాను. వాళ్ళ చూపులో జాలి ఉండదు.

వికలాంగుల సర్టిఫికెట్ రోజు వేరు. శాతం తేల్చడానికి చెయ్యి కొలిచి, వంచి, ‘ఇంకా వంచు’ అంటారు. కనీసం నలభై శాతం ఉంటేనే పింఛను, రిజర్వేషను వగైరా. నాకు ఒకచోట నా చెయ్యి పట్టుకునే పక్కనున్నాయనతో క్రికెట్ స్కోరు మాట్లాడారు. ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోవద్దు, ఒంటరిగా వెళ్ళొద్దు. అయిపోగానే మా తమ్ముడు నన్ను బీచ్‌కి తీసుకెళ్ళి ముంత మసాలా కొనిపెడతాడు. నిమ్మకాయ ఎక్కువ పిండించుకుని, ఇసకలో కూర్చుని తింటాను. నేను అయిదారు గంటలు మాట్లాడకపోతే వాడూ మాట్లాడడు.

డాక్టరు దగ్గరికి

రెండు వారాలకి మించి దిగులు తగ్గకుండా ఉన్నా, ఇష్టమైన పనుల మీద మనసు పోకున్నా, నిద్రా తిండీ తప్పినా, పనికిరానిదాన్ని అనే ఆలోచన వదలకున్నా చూపించుకోవాలి. మనకి ఇందులో ఒక చిక్కుంది. నిద్ర పట్టనిది నొప్పి వల్లా, దిగులు వల్లా అని డాక్టరుకి తెలియదు. రెండూ చెప్పాలి. లేకపోతే నిద్రమాత్రతో పంపించేస్తారు, లేదా నొప్పిమాత్రతో.

మా ఊళ్ళో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ‘చినవాల్తేరు పంపించాలి’ అని స్నేహితుల్ని వెక్కిరించిన నోరే నాది, అందుకని గేటు ముందు నుంచి రెండుసార్లు ఆటో తిప్పించాను. లోపల ఓపీలో ఉన్నది మామూలు జనమే. పరీక్షలకి చదివే కుర్రాడు, చంటిబిడ్డతో ఒకామె, పోర్టులో రిటైరైన ముసలాయన. మీకు దగ్గర్లో ఏ సర్కారీ బోధనాసుపత్రి ఉన్నా మానసిక విభాగం ఉంటుంది, అక్కడికి వెళ్ళొచ్చు.

ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని వెళ్ళండి. నాది ఇది: ‘నా చేతులు పుట్టుకతో ఇలా ఉన్నాయి, అమ్మ వాడిన మందు వల్ల అన్నారు. మంచి చేతికి నొప్పి మొదలయ్యాక దిగులు మొదలైంది. ముసలితనంలో నన్ను ఎవరు చూస్తారన్నది నా భయం. నా చెయ్యి గురించి కాదు, నా గురించి అడగండి.’ చివరి వాక్యం చదివి ఆ డాక్టరు పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు.

ఆడవాళ్ళకి ఇంకో సంగతి. వాల్‌ప్రోయేట్ ఫిట్స్‌కే కాదు, బైపోలార్ జబ్బుకి (కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బు) కూడా రాస్తారు. మందుల కౌంటరు దగ్గర నా ముందున్న అమ్మాయి చీటీలో ఆ పేరు చూసి నా కాళ్ళు వణికాయి. ఇరవై రెండేళ్ళుంటాయి. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి ‘పెళ్ళి, పిల్లల సంగతి డాక్టరుగారితో చెప్పావా అమ్మా’ అన్నాను. లేదంది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. పిల్లల్ని కనే వయసులో ఉంటే ఏ మానసిక మందు రాసినా ఆ ప్రశ్న మీరే అడగండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

రాత్రిపూట చచ్చిపోవాలనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో ఎవరినో ఒకరిని లేపండి, 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నేను మొదటిసారి చేసినప్పుడు ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను. రెండోసారి ‘భుజం నొప్పిగా ఉందండీ’ అని మొదలుపెట్టాను. అవతల అమ్మాయి ‘ఎప్పటి నుంచి అండీ?’ అంది.